పద్నాలుగు దగ్గర ఆగిన ముల్లు

ముందు పోయినవాటి లెక్క చెబుతాను. కుడిచేతి పిడికిలి బలంలో ఏడు కిలోలు. ఎత్తులో ఒక సెంటీమీటరు. కుడి తొడ చుట్టుకొలతలో మూడు సెంటీమీటర్లు. కుర్చీలో కూర్చుని మోకాలు చాచి లాగే బలంలో పదకొండు కిలోలు.

ఇవన్నీ నావే. బెంగళూరు యలహంకలోని ఫిజియోథెరపీ కేంద్రంలో నేను చేరినప్పుడు నాకు ముప్ఫై నాలుగేళ్ళు, మానేసినప్పుడు యాభై ఎనిమిది. ఏటా కొత్త సంవత్సరం మొదటి పనిరోజున, పరికరాలు సరిగా ఉన్నాయో లేదో చూడడానికి ముందు నన్ను నేను కొలుచుకునేదాన్ని. అందుకే నా నష్టం నాకు బాగా తెలుసు.

ఈ అంకెల్ని కాస్త పక్కపక్కన పెట్టి చూడండి. తొడ నలభై ఎనిమిది నుంచి నలభై ఐదుకు వచ్చింది, అంటే పదహారో వంతు పోయింది. బలం ముప్ఫై మూడు నుంచి ఇరవై రెండుకు వచ్చింది, అంటే మూడో వంతు పోయింది. కండ కొంచెం తగ్గి, బలం అంతకంటే చాలా ఎక్కువ తగ్గింది. మిగిలిన కండ కూడా మునుపటిలా పని చేయడం లేదన్నమాట. కండ ఎంత ఉందన్నది ఒక ప్రశ్న, ఉన్న కండ ఎలాంటిదన్నది ఇంకో ప్రశ్న. ఇరవై నాలుగేళ్ళు నేను చేసిన ఉద్యోగం ఈ రెండో ప్రశ్న చుట్టూ తిరిగింది. అరవై దాటిన ఆడవాళ్ళ చేత బరువులు ఎత్తించడం, వాళ్ళ బలం కొలవడం నా పని.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అడిగేది ఎక్కువగా ఏ వ్యాయామం మంచిదని. అది పుస్తకాల్లో ఉంది. పుస్తకాల్లో దొరకనిది రాస్తాను.

ఇనుము దాచుకోదు

కొలవడం నేను నేర్చుకున్నది కాలేజీలో కాదు. పీణ్యలో ఇనుప బుష్షులు, అంటే యంత్రాల ఇరుసులకి తొడిగే చిన్న గొట్టాలు, తయారు చేసే చిన్న ఫ్యాక్టరీలో, తనిఖీ బల్ల దగ్గర. ఇంటర్ తర్వాత ఏడేళ్ళు అక్కడే ఉన్నాను. సగటు అంటే ఏమిటో, తేడాలు ఎంత ఉంటే మామూలో, ఒక పాత లెక్కల పుస్తకం, ఒక కాలిక్యులేటరు పెట్టుకుని నాకు నేనే నేర్చుకున్నాను.

మా తనిఖీ సూపర్‌వైజరు ఒక మాట చెప్పేవాడు. "ఒకే ముక్కను మూడుసార్లు కొలువమ్మా. మూడూ బాగా తేడా వస్తే నీ చెయ్యి బాగాలేదు. మూడూ ఎప్పుడూ వెంట్రుకవాసి తేడా లేకుండా వస్తున్నాయంటే ఇంకా అనుమానపడు. పరికరం ఇరుక్కుపోయి ఉంటుంది, లేకపోతే నువ్వు కొలవకుండా రాస్తున్నావు."

ఫ్యాక్టరీ మూతపడ్డాక కొన్నేళ్ళు ఖాళీగా ఉండి, మా చర్చిలో ఒకావిడ చెబితే యలహంక కేంద్రానికి వెళ్ళాను. అక్కడి పెద్దావిడ డాక్టర్ వసుధ. నన్ను అడిగింది ఒక్కటే: "అంకె నీకు నచ్చకపోతే ఏం చేస్తావు?" "మళ్ళీ కొలుస్తాను" అన్నాను. "మళ్ళీ నచ్చకపోతే?" "అదే రాస్తాను." ఉద్యోగం ఇచ్చేసింది.

బుష్షుకీ మనిషికీ ఉన్న తేడా నాకు తెలియడానికి మాత్రం చాలా కాలం పట్టింది. ఇనుముకి తనను కొలుస్తున్నారని తెలియదు.

సగటు ఎవరి కాలూ కాదు

మా పద్ధతి సులువుగానే ఉండేది. బ్యాచ్‌కి ఎనిమిది మంది, ఎనిమిది కుర్చీలు. చీలమండకి ఇసుక సంచి కట్టుకుని కాలు ఎత్తడం, బరువు గుండెకి హత్తుకుని కుర్చీలోంచి లేవడం, ఇలాంటివే. పది సార్లు ఎత్తగలిగితే అర కిలో పెంచేవాళ్ళం. పన్నెండు వారాలు. మొదట్లో, చివర్లో పరీక్ష: బలమైన కుర్చీలో కూర్చోబెట్టి, చీలమండకి పట్టీ వేసి, ఆ పట్టీని వెనక గొలుసుతో తూకపు మీటరుకి తగిలిస్తాం. కాలు చాచి లాగితే మీటరు ముల్లు ఎన్ని కిలోలో చూపిస్తుంది. తొడని టేపుతో కొలుస్తాం. డాక్టరుగారు స్కానింగ్ చేసి లోపలి కండ చూసేవారు. తెరమీద కండ నల్లగా కనిపిస్తే మంచిది. మధ్యమధ్య తెల్లటి మసక ఎక్కువగా ఉంటే కండలోకి కొవ్వు చేరిందని అర్థం. తొడ లావుగానే ఉంటుంది, బలం ఉండదు.

బ్యాచ్ అయిపోగానే అందరూ అడిగేది సగటు ఎంత పెరిగిందని. సగటు బ్యాచ్‌కి ఉంటుంది, ఎవరి కాలికీ ఉండదు. ఒకే వ్యాయామం, ఒకే బరువులు, ఒకే గంట. రిటైరైన నర్సు రూతమ్మ కాళ్ళు చీపురుపుల్లల్లా ఉండేవి. తొడ టేపు మీద అర సెంటీమీటరు కూడా కదల్లేదు, బలం మాత్రం బాగా పెరిగింది. అదే బ్యాచ్‌లో బెళ్ళందూరు నుంచి వచ్చే ఒక రిటైర్డ్ టీచరుగారు ఒక్కరోజు మానలేదు. తొడ చక్కగా పెరిగింది, ముల్లు మాత్రం కదల్లేదు. వారానికి రెండు రోజుల్ని మూడు చేశాక కొంచెం కదిలింది. కొంచెమే. ఆవిడ కష్టంలో లోటు లేదు. కొందరి ఒళ్ళు అలా నెమ్మదిగా వింటుంది. అది ఒప్పుకోవాలి. కానీ ఒప్పుకునే ముందు నిజంగా కొలిచామా అని ఒకసారి ప్రశ్నించుకోవాలి. ఆ సంగతి నాకు నేర్పింది ఓబుళమ్మ.

నీళ్ళు తాగని మనిషి

ఓబుళమ్మది కదిరి దగ్గర ఊరు. బెంగళూరు వచ్చి ముప్ఫై ఏళ్ళు ఇళ్ళు కట్టే పనుల్లో ఇటుకలు, ఇసుక మోసింది. మా దగ్గరికి వచ్చేసరికి అరవై ఆరు. వెంట తీసుకొచ్చింది కూతురు లక్ష్మి. పీణ్యలో ఒక ప్యాకింగ్ యూనిట్‌లో పని.

వాళ్ళు ఉండేది పాత యలహంకలో ఒక వఠారం. వరసగా ఆరు ఇళ్ళు, చివర అందరికీ కలిపి ఒకటే మరుగుదొడ్డి. గొంతుకూర్చునేది. ఓబుళమ్మ కూర్చోగలదు, లేవలేదు. కొన్నాళ్ళు కుళాయి గొట్టం పట్టుకుని లేచింది. ఒకరోజు గొట్టం ఊడి చేతికొచ్చింది. తలుపు లోపల గడియ, బయట ఎవరూ లేరు. పక్కింటామె నీళ్ళకి వచ్చేదాకా అక్కడే ఉండిపోయింది.

ఆ రోజు నుంచి కూతురు ఇంట్లో లేనప్పుడు ఓబుళమ్మ నీళ్ళు తాగడం మానేసింది. పొద్దున లక్ష్మి ఉండగా ఒకసారి, సాయంత్రం లక్ష్మి వచ్చాక ఒకసారి. మధ్యలో నాలుక తడుపుకోవడమే. రెండుసార్లు మూత్రంలో మంట వచ్చి జ్వరంతో పడుకుంది.

"మూడు నెలలు సూస్తానక్కా," అంది లక్ష్మి నాతో. "అమ్మ తనంతట తాను లేస్తే నేను పనికి పోతా. లేకపోతే మానేసి ఇంట్లో ఉండేదే. ఓనరు ఇంగ్లీషు దొడ్డి పెట్టడంట, అడిగినా."

"నువ్వు మానేస్తే తినేదేందే?" అంది ఓబుళమ్మ.

"నువ్వు నీళ్ళు తాగకుండా సస్తే నేను తినేదేందమ్మా?"

లక్ష్మి ఉద్యోగం, ఓబుళమ్మ నీళ్ళు రెండూ ఆమె కాళ్ళమీద ఆధారపడి ఉన్నాయి. మాకు అంత తేటగా ఉన్న పని అరుదుగా దొరికేది.

పద్నాలుగు, పద్నాలుగు, పద్నాలుగు

మొదటి పరీక్షలో ఓబుళమ్మ కుడికాలు పద్నాలుగు కిలోలు లాగింది. ఎడమకాలు పద్నాలుగు. ఆరో వారంలో పద్నాలుగు, పద్నాలుగు. పన్నెండో వారం చివరి పరీక్ష నాకు బాగా గుర్తుంది. రూతమ్మ తన వంతుకోసం బల్లమీద కూర్చుని చూస్తోంది.

"లాగక్కా, ఇంకా లాగు," అన్నాను.

"లాగినా గదమ్మా. సాకు." సాకు అంటే కన్నడంలో చాలు.

"నుదుట చెమట చుక్క లేదు," అంది రూతమ్మ. "చపాతీ పిండి కలిపినంత కష్టం కూడా పడలేదు ఈవిడ."

"నీకు చెమట, వీళ్ళకి మంచి పేరు సిస్టరమ్మా," అని నవ్వింది ఓబుళమ్మ. ముల్లు పద్నాలుగు దగ్గర ఆగింది.

నాలుగు పీటలు ఒకదానిమీద ఒకటి పేర్చి కూర్చోబెడితే లేచింది. రెండు పీటలకి తగ్గిస్తే లేవలేకపోయింది. మొదటిరోజు కూడా అంతే.

డాక్టర్ వసుధ మంచి మనిషి, కానీ ఆమెకి ఎనిమిది కుర్చీలే ఉన్నాయి. మెరుగుపడని వాళ్ళకి పన్నెండు వారాల తర్వాత కుర్చీ ఉండదు. అది ఆమె పెట్టిన నియమం. "కొంతమంది కండ మన మాట వినదు సుశీలా," అంది. "అది మన తప్పూ కాదు, ఆమె తప్పూ కాదు. బయట ఎంతమంది కాచుకుని ఉన్నారో చూడు."

లక్ష్మికి చెప్పాను. ఆమె ఏడవలేదు. "సరే అక్కా, నెలాఖరుకి మానేస్తానని సూపర్‌వైజరుకి చెప్తా," అంది. అంతే.

ఆ సాయంత్రం నేను ఆ మూడు పద్నాలుగులని వదల్లేకపోయాను. తెలిసిన ఇరవై కిలోల బరువు గొలుసుకి వేలాడదీశాను. మీటరు ఇరవై చూపించింది. అంటే పరికరం బాగానే ఉంది. మిగిలిన ఏడుగురివీ చూశాను. రూతమ్మకి ఒక్క పూటలోనే ఇరవై మూడు, ఇరవై ఐదు, ఇరవై రెండు. అందరికీ అంతే, ఎక్కడో ఒకచోట తేడా. నిద్రపోయిన రోజు ఒకలా, పోని రోజు ఒకలా ఉండేదే కాలు. ఓబుళమ్మకి మాత్రం మూడు నెలల్లో రెండు కాళ్ళకీ ఒకటే అంకె. పీణ్యలో ఇలాంటి బుష్షుల పెట్టె వస్తే వెనక్కి పంపేవాళ్ళం.

మర్నాడు డాక్టరుగారికి ఇది చెబితే ఆమె స్కానింగ్ బొమ్మలు తీసింది. ఓబుళమ్మ తొడ కండ నల్లగా, చక్కగా ఉంది. ఎనిమిది మందిలోకీ మంచి బొమ్మ అదే. "ఇంత మంచి కండకి పద్నాలుగు కిలోలే బలమా?" అని ఆమే అడిగింది, తనలో తాను. తర్వాత నావైపు తిరిగి, "ఒక వారం ఇస్తా. కనుక్కో," అంది.

కూలీనా, గుత్తా?

సూటిగా అడగడమే మంచిదనుకున్నాను. టీ తాగే వేళకి ఓబుళమ్మ పక్కన కూర్చున్నాను. రూతమ్మ పిలవకుండానే వచ్చి చేరింది.

"ఓబుళమ్మక్కా, పద్నాలుగు దగ్గర ఎందుకు ఆపుతున్నావు?"

"ఆపేదేముండాదమ్మా? అంతే వస్తాది."

"అంతే వస్తే ఒకనాడు పదమూడు రావాలి, ఒకనాడు పదిహేను," అంది రూతమ్మ. "నా కాలు చూడు, సోమవారం ఒక మాట, గురువారం ఒక మాట. నీ కాలికే గవర్నమెంటు ఉద్యోగం."

ఓబుళమ్మ నవ్వింది. టీ గ్లాసు కింద పెట్టింది.

"మీరు సేసేది సూస్తానే ఉండా గదప్పా. ఈ సిస్టరమ్మ పదిసార్లు ఎత్తింది. మీరేం జేసిరి? బాగా ఎత్తినావని చప్పట్లు కొట్టి ఇంకో అర కేజీ కట్టిరి. మళ్ళా ఎత్తింది, మళ్ళా కట్టిరి. పాపం పిచ్చిది, ఎత్తతానే ఉండాది."

"పిచ్చిదాన్నా! నేనా!"

"మా మేస్త్రి కూడా అంతే. తలమీద ఎనిమిది ఇటుకలు. ఒకనాడు పది మోసినావంటే రేపటినుంచి పదే. కూలి మాత్రం అదే కూలి. పొద్దు మునిగేదాకా కాళ్ళు నిలబడల్ల గదా? ఎనిమిది మోసేదానికి వచ్చినట్ల మోసి ఊరుకుండల్ల. చాతయ్యేదంతా చూపిస్తే మనిషి బతకడు."

నేను ఆమెకి విడమరచి చెప్పాను. కండకి అలవాటైన బరువు సరిపోదని, దాన్ని దాటితేనే బలం వస్తుందని.

"మేస్త్రి కూడా అట్లే చెప్తాడు," అంది.

రూతమ్మ పకపకా నవ్వింది. ముప్ఫై ఏళ్ళు ఆమెని నిలబెట్టిన తెలివి అది. దాన్ని పొరపాటు అని నేను ఎలా అనగలను?

ఓబుళమ్మే అడిగింది. "సరేగానీ, ఇది కూలి పనా, గుత్త పనా?"

కట్టుబడి పనుల్లో కూలి అంటే రోజు లెక్క. పని ఎంతైనా పొద్దు మునిగేదాకా ఉండాలి. గుత్త అంటే పని లెక్క. ఈ ఇసుక కుప్ప మూడో అంతస్తుకి చేరిస్తే ఇంత అని మాట్లాడుకుంటారు. పని అయిపోతే మధ్యాహ్నానికే ఇంటికి పోవచ్చు. గుత్త పనిలో ఎవరూ బలం దాచుకోరు.

మా కేంద్రంలో గంట క్లాసు. పది నుంచి పదకొండు దాకా అందరూ ఉండి తీరాలి. ముందే అయిపోయినవాళ్ళ చేత ఏదో ఒకటి చేయిస్తూ ఉండేవాళ్ళం. ఓబుళమ్మ కళ్ళతో చూస్తే అది నికార్సయిన రోజుకూలి.

"గుత్తే," అన్నాను. "ఒక్కో కాలికి పదిసార్లు, మూడు విడతలు. అయిపోయిందంటే అయిపోయింది."

"అయిపోతే ఇంటికి పోవచ్చా?"

"పోవచ్చు."

"బరువు పెంచేదెవురు?"

"నువ్వే. నువ్వు అడిగితేనే కడతాను."

ఓబుళమ్మ నన్నూ, కుర్చీనీ మార్చి మార్చి చూసింది. "ఈ మాట ముందే చెప్పింటే ఏం పోయేదప్పా మీది?" అని లేచి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, పరీక్ష కుర్చీలో కూర్చుంది.

కుడికాలు ఇరవై ఒకటి. తర్వాత పంతొమ్మిది. తర్వాత ఇరవై రెండు. మూడూ వేరువేరు. నా ఉద్యోగంలో నేను అంత సంతోషంగా రాసుకున్న అంకెలు లేవు. ఎడమకాలు పదిహేను, పద్నాలుగు, పదహారు. ఎప్పుడో కడుతున్న మెట్లమీద ఇసుక గంపతో జారిపడిన కాలట అది. ఇన్నాళ్ళూ రెండు కాళ్ళూ పద్నాలుగే చూపించడంతో ఆ తేడా మాకు కనబడలేదు. ఆమెని దొడ్డిలోంచి లేవనివ్వనిది ఆ ఎడమకాలు. కుడికాలు ఎంత లేపినా ఎడమ పక్కకి ఒరిగిపోయేది.

పరుగున వెళ్ళి డాక్టరుగారికి చెబితే ఆమె నాకంటే జాగ్రత్తగా మాట్లాడింది. "సంతోషపడు, కానీ ఇది పెరిగిన బలం కాదు సుశీలా, బయటపడిన బలం. పోయిన మూడు నెలలూ లెక్కలోకి రావు. ఇవాళే మొదటి రోజు అనుకో." మరో పన్నెండు వారాలు కుర్చీ ఇచ్చింది. గంట నియమం కూడా తీసేసింది, అందరికీ.

లక్ష్మి పండగ బోనస్ దాకా ఆగుతానంది.

చివరి పీట

కొత్తగా వచ్చేవాళ్ళు చేసే పెద్ద తప్పు జాలి. పెద్దావిడ కదా అని బొమ్మల్లాంటి చిన్న బరువులు చేతిలో పెట్టి అటూ ఇటూ ఊపిస్తారు. దానివల్ల ఎవరి కండా మారదు. బరువు బరువుగానే ఉండాలి. అయితే ఆ బరువు ఎవరు నిర్ణయిస్తున్నారన్నది కూడా అంతే ముఖ్యం. ఓబుళమ్మ తనకు తాను మేస్త్రి అయ్యాక నేను భయపడేంత వేగంగా పెంచుకుంటూ పోయింది. రెండుసార్లు నేనే ఆపాను. ఎడమకాలికి ఒక విడత అదనంగా చేయించాను. పదిన్నరకల్లా ముగించుకుని, ఇంకా పని చేస్తున్న రూతమ్మకి "వస్తాను పిచ్చిదానా" అని చెప్పి పోయేది. రూతమ్మ ఇసుక సంచి విసిరినట్టు నటించేది.

నాలుగు పీటలు మూడయ్యాయి, రెండయ్యాయి. ఒక పీట దగ్గర ఆగిపోయింది. పదో వారం, పదకొండో వారం, ఒక్క పీట ఉంటేనే లేస్తుంది. అది తీస్తే "రాదప్పా" అంటుంది. పండగ ఇంకా ఎన్నో రోజులు లేదు.

అలాంటి రోజుల్లో మధ్యాహ్నం లక్ష్మి ఫోన్ చేసింది.

"అక్కా, అమ్మ నీళ్ళు తాగతాండాది."

"ఎప్పుడు?" అన్నాను.

"పక్కింటామె చెప్పింది. నేను పనిలో ఉన్నప్పుడు చెంబు నిండా తాగతాందంట. పది రోజులైందంట. తనే పోయి తనే వస్తాందంట. నాకు ఒక్క మాట చెప్పలేదు!"

మర్నాడు ఓబుళమ్మని నిలదీశాను. ఇంట్లో లేస్తూ ఇక్కడ పీట ఎందుకని.

"ఈ పీట కూడా తీసేస్తే, మీరు తర్వాత ఇంగేం తీస్తారో అని," అంది.

రూతమ్మ కుర్చీలోంచి కిందపడేంత పని చేసింది. నేను పీట తీసి గోడకి ఆనించాను. ఓబుళమ్మ నేలమీద గొంతుకూర్చుని, దేన్నీ పట్టుకోకుండా, మా ఇద్దరి ముందూ లేచి నిలబడింది. లేచేటప్పుడు ఎడమవైపు కొంచెం ఒరిగింది, పడలేదు.

లక్ష్మి బోనస్ తీసుకుంది. పండగ తర్వాత కూడా పనికి పోయింది. ఇప్పటికీ పోతోంది.

నేను మానేసి ఏడాది దాటింది. ఓబుళమ్మ ఇంకా వారానికి రెండు రోజులు కేంద్రానికి వెళుతోంది. గుత్త ప్రకారమే. పోయిన నెల ఊరికే చూసి వద్దామని వెళితే, డాక్టరుగారు మీటరు నా చేతికిచ్చి "నువ్వే చూడు" అన్నారు. మూడేసిసార్లు లాగించాను. మూడిట్లో పెద్దది కుడికాలిది ఇరవై ఆరు. ఎడమకాలిది ఇరవై మూడు.

"ఈ బాకీ ఎప్పుడు తీరుస్తావక్కా?" అన్నాను.

"కుడికాలు అడగల్ల గదా, నడుమ మీకేమి?" అంది ఓబుళమ్మ, పట్టీ విప్పుకుంటూ.

నాకు మాత్రం అది రాయకుండా ఉండడం చేతకాదు. ఎడమకాలు కుడికాలికి ఈనాటికీ మూడు కిలోలు బాకీ.